వెండెల్ గారి పుట్టు మేధస్సు

"కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి కోచింగు దండగ. పుట్టుకతో వచ్చిన బుర్ర చాలు!" అని నెబ్రాస్కాలోని హార్మన్ స్కూలు బోర్డు అధ్యక్షుడు వెండెల్ క్రౌస్ గారు సోమవారం ప్రకటించారు. ట్యూషన్లకు స్తోమత లేని పిల్లల కోసం ఉచితంగా నడిచే శనివారం ఎస్‌ఏటీ క్లాసు ఎత్తేసి, ఆ గదిని ఫుట్‌బాల్ జట్టు వ్యాయామానికి ఇవ్వాలన్నది ఆయన దూరదృష్టి. చప్పట్లు ఆగలేదు. దాంతో ఆయన నోరూ ఆగలేదు. "నెల తిరక్కుండా నేనే రాసి చూపిస్తా. పుస్తకం ముట్టకుండా!"

మర్నాడు పాత పేపరు తిరగేసి, ఆ నోటిని ఆయనే తిట్టుకున్నారు. మొదటి ప్రశ్నలో ఎక్స్ ఎంతో తెలియలేదు. రెండో ప్రశ్నలో అసలు ఎక్స్ ఎందుకో తెలియలేదు.

పదకొండో తరగతి చదివే కూతురు టెస్ వెళ్లేది ఆ శనివారం క్లాసుకే.

"తల్లీ, నాకు కాస్త పాఠం చెప్పాలి."

"దేనికి నాన్నా?"

"ఏమీ చదవకుండా రాయడానికి."

టెస్ నవ్వలేదు. "నువ్వు గెలిస్తే మా క్లాసు పోతుంది. మార్కులు రాకపోతే నాకు స్కాలర్‌షిప్ రాదు. గుర్తుందా?"

"ఓడితే ఊళ్లో తలెత్తుకోలేనే! గెలిచాక క్లాసు నేనే నిలబెడతా. ఒట్టు."

ధాన్యం గిడ్డంగి వెనక, పికప్ ట్రక్కులో ట్యూషను మొదలైంది.

"జవాబు తెలియకపోతే?"

"బొత్తిగా కుదరనివి రెండు కొట్టెయ్. మిగిలిన రెంట్లో ఒకటి ధైర్యంగా పెట్టెయ్."

"ఓస్ ఇంతేనా! పదేళ్లుగా బోర్డులో నేను చేస్తున్నది ఇదేగా!"

"తెలుస్తూనే ఉంది నాన్నా."

"మరి జామెట్రీ?"

"మాకింకా చెప్పలేదు. వచ్చే నెల."

"అయితే దాన్ని దేవుడికి వదిలేద్దాం."

స్కూలు జిమ్‌లో, బ్యాండు మేళంతో పరీక్ష జరిగింది. పదహారు వందలకు పన్నెండు వందల పది! జనం లేచి నిలబడ్డారు. ఆ ఊపులోనే బోర్డు సభ్యుడొకరు క్లాసు రద్దు తీర్మానం పెట్టారు. మూడో వరసలోంచి టెస్ ఆయన్నే చూస్తోంది. లేచి నిజం చెప్పేద్దామనుకున్నారు వెండెల్ గారు. ఆయన లేవలేదు. చెయ్యి మాత్రం అందరికంటే ముందు లేచింది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. కానీ లేచిన చెయ్యి దించడం సభామర్యాద కాదు గనక అలాగే ఉంచారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

గురువారం రాజధాని లింకన్ నుంచి ఫోను. ఆయన మేధస్సుకు శాసనసభ విద్యా సంఘం ముగ్ధమైపోయిందట. వచ్చే నెల టీవీ కెమెరాల ముందు మళ్లీ చేసి చూపాలట, ఏ తయారీ లేకుండానే. ఈసారి నల్లబోర్డు మీద, సుద్దముక్కతో. అంతా జామెట్రీయే.

వెండెల్ గారు వంటింట్లోకి వెళ్లి, కూతురి ఎదురుగా కూర్చున్నారు.

"తల్లీ... ఆ జామెట్రీ..."

టెస్ నోటుపుస్తకం తెరిచి ఆయన ముందుకు తోసింది. పేజీ పైన 'జామెట్రీ' అని గుండ్రంగా రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. మిగతాదంతా తెల్లకాగితం.

"ఈ శనివారం మొదలుపెడతానన్నారు నాన్నా, మా టీచరు."