హాకీ లీగ్ ఆరోగ్యం దివ్యంగా ఉంది

మన హాకీ లీగ్ ఆరోగ్యం దివ్యంగా ఉందని లీగ్ అధ్యక్షులవారు ఈ సీజనులో మరోసారి ప్రకటించారు. ఆ ప్రకటన వెలువడిన వేళ గ్యాలరీలో మైకు సరిచేసే మనిషీ, నీడ కోసం వచ్చిన ఒక కుక్కా ఉన్నారు. కుక్క దగ్గర టిక్కెట్టు లేనందున దానిని హాజరులో కలపలేదనీ, లీగ్ నిజాయితీకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదనీ అధ్యక్షులవారు సెలవిచ్చారు.

గోల్‌పోస్టు ముందు నిలబడి ఆ మాటలు విన్న గోల్‌కీపరుకు మాత్రం గుండెల్లో రాయి పడింది. సీజను ముగిసేలోగా ఒక్కసారైనా స్టేడియం నిండకపోతే అతని జట్టును ఎత్తేస్తారు. జట్టు పోతే మామగారి ఇనుప సామాన్ల కొట్టే గతి. మామగారు ఎంత ముందుచూపు గల మనిషంటే, అల్లుడి కోసం ఇప్పటికే ఒక స్టూలు వేయించి, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకుండా కాపలా కాస్తున్నారు.

హాజరు పెంచడానికి లీగ్ పడని పాట్లు లేవు. అందరూ కెమెరాకు కనబడే గ్యాలరీలోనే కూర్చోవాలని ఆదేశాలిచ్చారు. అందరూ అంటే ఆటగాళ్ల ఇంటివాళ్లు. కెమెరా ఎటు తిరిగితే వీళ్లు అటు పరుగెత్తాలి. అలా పరుగెత్తి గోల్‌కీపరు భార్య కాలు బెణికించుకుని, మిగతా సీజనుకు దూరమైంది. మైదానంలో ఒక్కరికీ దెబ్బ తగలని జట్టుకు అదొక్కటే గాయం. ఆ తర్వాత హాజరు అనే మాటకే పరిధి పెంచారు. స్టేడియం ముందునుంచి పోయే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లను ప్రేక్షకులుగా గుర్తించారు. ఇంత చేసినా లోపలి కుర్చీలు ఖాళీగానే ఉండిపోయి అధికారులకు సహకరించలేదు.

ఊళ్లో హాకీ మాట్లాడని నోరు మాత్రం లేదు. అందరిలోకీ మామగారిది పెద్ద నోరు. మేకులు తూస్తూ కూడా కళ్లనీళ్లు పెట్టుకునేవారు. "జనం రావట్లేదయ్యా! ఆటంటే అభిమానమే చచ్చిపోయింది!"

"పోనీ, ఒక్కసారి మీరే రావచ్చు కదా మావయ్యగారూ?" అన్నాడు ఓ రోజు గోల్‌కీపరు, పాసు చేతికిస్తూ.

"నేనూ వచ్చేస్తే ఇక్కడ ఈ సంగతి పట్టించుకునేదెవరు అల్లుడుగారూ?" అంటూ ఆయన ఆ పాసును గల్లాపెట్టెలో పాత పాసుల మీద భద్రంగా పెట్టారు.

గోల్‌కీపరుకు చాలా బాధేసింది. ఉద్యోగం సంగతి అటుంచి, తను గాల్లోకి ఎగిరి బంతిని ఆపుతుంటే ఆ మనిషి ఒక్కసారి చూడాలని పెళ్లయిన నాటినుంచీ అతని కోరిక.

చివరికి అధ్యక్షులవారే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆఖరి మ్యాచ్ రోజున, మ్యాచ్‌కు ముందు, 'ప్రేక్షకులు ఎందుకు రావడం లేదు?' అనే అంశంపై మైదానంలోనే వేదిక వేసి బహిరంగ చర్చ!

ఆ రోజు స్టేడియం కిటకిటలాడిపోయింది. గేట్లు చాలక గోడలు దూకారు. కుక్కకు నీడ మాట దేవుడెరుగు, నిలబడే చోటు కూడా దొరకలేదు. "ఈ ఖాళీ గ్యాలరీలను చూస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది!" అని మొదటి వక్త గర్జించగానే, మెట్ల మీద ఒకరినొకరు తొక్కుకుంటున్న జనం ఈలలు వేశారు.

మ్యాచ్ వేళయింది. గోల్‌కీపరు కాళ్లకూ చేతులకూ ప్యాడ్లు కట్టుకుని వచ్చి గోల్ ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే, గోల్ వెనకే మొదటి వరసలో మామగారు! అతనికి కాళ్లు నేల మీద ఆనలేదు. అంతలో మైకులో ప్రకటన వినిపించింది. స్టేడియం నిండినందున జట్టును కొనసాగిస్తున్నారట. చర్చ ఇంకా ముగియనందున, ప్రేక్షకుల కోరికను మన్నించి మ్యాచ్‌ను రద్దు చేస్తున్నారట.

"అల్లుడుగారూ, కాస్త పక్కకు జరగండి, వేదిక కనబడట్లేదు" అన్నారు మామగారు.

అతను పక్కకు జరిగి, ఎవరికీ అడ్డం రాకుండా వంగి కూర్చున్నాడు. తర్వాతి వక్త మామగారే. ఆయన మైకు అందుకుని వేలు చూపిస్తూ ఊరు ఊరంతటినీ కడిగేశారు. "మా అల్లుడి ఆట మీలో ఒక్కరైనా చూశారా? సిగ్గనిపించట్లేదూ?"

అందరికీ సిగ్గేసింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గోల్‌కీపరు కూడా కొట్టాడు. చేతులకు ప్యాడ్లున్నాయి గనుక ఎవరికీ వినబడలేదు.