హనుమక్క గాలిడబ్బాకి కెమెరా వచ్చిన రోజు

కోలారు జిల్లా క్యాసంబళ్ళి పక్కనుండే మా పల్లెకు సాంకేతిక విప్లవం పోయిన ఏప్రిల్ నెల రెండో మంగళవారం, పొద్దున పదిన్నరకి, రెండు తెల్లకార్లలో వేంచేసిందని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. అంతకుముందు నాలుగేళ్ళుగా అది హనుమక్క పట్టుపురుగుల షెడ్డులో గరగరమంటూ తిరుగుతూనే ఉండింది. కానీ కెమెరా లేనిచోట తిరిగేదాన్ని విప్లవం అనరు, ఫ్యాను అంటారు.

ఆ ఫ్యాను సంగతి ముందు చెప్పాలి. మనిషికి చెమట పట్టే ఎండలో పట్టుపురుగుకి ప్రాణం పోతుంది. మేత మానేసి, మెత్తబడి, తట్టలోనే ముద్దయిపోతుంది. అందుకని ఎండాకాలం పంట పెట్టేదానికి మా పల్లెలో అందరూ భయపడతారు, అందరూ పెడతారు. హనుమక్క కూడా రెండేళ్ళు వరసగా పెట్టి, రెండేళ్ళూ తట్టలకు తట్టలు దిబ్బకి మోసింది. మూడో ఏడు ఆండర్సన్‌పేటలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న నెల్సన్‌ని పిలిపించింది. అక్కడి కేజీఎఫ్ బంగారు గనిలో మైలు లోతున రాయి కూడా కాలిపోతుండేదని, పైనుంచి చల్లగాలి పంపే మిషన్ల దగ్గర వాళ్ళ తాత పనిచేసినాడని నెల్సన్ చెప్తుంటాడు. "అంత లోతుకి గాలి పంపిన వంశం అక్కా మాది, నీ షెడ్డెంత!" అని, ఒక తుప్పు డ్రమ్ము, నాలుగు గోనెసంచులు, పాత కూలర్ ఫ్యాను, వేడి ముదరగానే తనంతట తానే ఆన్ అయ్యే ఒక స్విచ్చు, ఇవన్నీ కలిపి బిగించినాడు. తడిసిన గోనెల్లోంచి గాలి చల్లగా వస్తుంది. దానికి వాడేమీ పేరు పెట్టలేదు. హనుమక్క గాలిడబ్బా అన్నది.

ఊరంతా నవ్వినాము. "హనుమక్క పురుగులకి ఏసీ అంట, ఇంగ వాటికి పరుపులు కుట్టిస్తుందేమో" అన్నాము. అన్నవాళ్ళలో నేనే ముందు. నా షెడ్డుకీ ఆమె షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. ప్రతి ఎండాకాలం ఆమె గూళ్ళు మార్కెట్టుకి పోయేవి, నా పురుగులు దిబ్బకి పోయేవి. అయినా నేను నవ్వడంలో ఏ లోటూ రానీయలేదు.

ఇంగ విప్లవాన్ని తెచ్చినవాళ్ళ సంగతి. మంచు పడే ఏదో దేశంలో ఒక సంస్థ ఉండాదంట. వెనకబడిన దేశాల్లో పుట్టే కొత్త యంత్రాలంటే వాళ్ళకి ప్రాణం. అయితే వాళ్ళు యంత్రానికి సాయం చెయ్యరు, యంత్రం చేసినవాడికీ చెయ్యరు. యంత్రాన్ని చూపించే మీడియాకి చేస్తారు. ఇందులో గొప్ప వివేకం ఉండాది. చేసినవాడికి సాయం చేస్తే ఒక యంత్రమే వస్తుంది, చూపించేవాడికి చేస్తే ఎన్ని వీడియోలైనా వస్తాయి. ఆ సాయం అందుకున్న బెంగుళూరు కంపెనీ వాళ్ళు కోలారు జిల్లాలో ఆవిష్కరణ యాడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ మా పంచాయతీ ప్రెసిడెంటు గోపాలప్ప దగ్గరికి వచ్చినారు. ఆవిష్కరణ అంటే శిలాఫలకం మీద గుడ్డ లాగడమేనని ఇరవై ఏళ్ళుగా నమ్ముకున్న గోపాలప్ప మొదట కొంచెం తడబడినా, తేరుకుని హనుమక్క ఇల్లు చూపించినాడు.

హనుమక్క ఒప్పుకుంది, నెల్సన్ కోసం. వాడి షాపుకి కిటికీ గ్రిల్లులు తప్ప ఇంకో పని రావడం లేదు. "నీ పేరు నాలుగూళ్ళకి తెలిస్తే డబ్బాలు అడిగేదానికి నలుగురు వస్తారు గదప్పా" అన్నది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"నాలుగు రోజులు ఆగి రాండి. పురుగులు ఇప్పుడు పెద్ద మేతలో ఉండాయి. గూడు కట్టేదానికి వెదురు చంద్రికలు ఎక్కేసినాయంటే, తర్వాత మీరు షెడ్డులో తిరనాళ్ళ చేసుకున్నా నాకేం బాధ లేదు."

నాలుగు రోజులు ఆగడానికి వీలుపడదని కంపెనీ వినయంగా జవాబిచ్చింది. మంచుదేశానికి మూడు నెలల నివేదిక శుక్రవారం పంపాలి. పురుగుల కాలపట్టిక నివేదిక కాలపట్టికతో సరిపోకపోవడం వర్ధమాన దేశాల్లో ముందునుంచీ ఉన్న సమస్యేనని వాళ్ళు ఓదార్చినారు కూడా.

అట్లా మంగళవారం కార్లు దిగినాయి. ముందు డైరెక్టర్ మోహన్‌కుమార్ దిగినాడు. ఆయన వెనక కెమెరా చంద్రు, సౌండు రికార్డు చేసే ఇంకొకాయన, రెండు పెద్ద లైట్లు, ఒక అట్టపెట్టె. మోహన్‌కుమార్ దిగగానే వీధి మొత్తం గమగమలాడింది. హనుమక్క షెడ్డు వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టింది.

"సెంటు కొట్టుకోని లోపలికి రాకూడదప్పా. పురుగులు మేత ముట్టవు. బూట్లు తియ్యి, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుగు. అంతకన్నా ముందు పోయి నీళ్ళు పోసుకోని రా."

"సూపర్!" అన్నాడు మోహన్‌కుమార్. "చంద్రూ, ఇది రోల్ అయిందా? అమ్మా, ఇదే డైలాగ్ ఇంకొకసారి, కొంచెం కోపంగా."

"మళ్ళీ చెప్పేది లేదు. తొట్టి ఆ పక్కన ఉండాది."

ఆయన తొట్టి దగ్గర స్నానం చేసి, గోపాలప్ప ఇచ్చిన పంచె కట్టుకుని లోపలికి పోయినాడు. మా జిల్లాలో సాంకేతిక ప్రగతికి అడ్డుగా ఉన్న మూఢాచారాల్లో ఇదొకటని తర్వాత నివేదికలో రాసినారంట.

లోపల గాలిడబ్బాని చూసి ఆయన ముఖం వాడిపోయింది. నాలుగు దిక్కులనుంచీ చూసినాడు. కిందికి వంగి చూసినాడు. చివరికి బాధగా అన్నాడు:

"నెల్సన్, తప్పుగా అనుకోవద్దు. ఇది పని చేస్తుంది, కానీ టెక్నాలజీ లాగా లేదు."

"ఎట్లా ఉండాల సార్?"

"తెల్లగా ఉండాలి. ఒక లైటు వెలగాలి, నీలంది అయితే మంచిది. మా మార్గదర్శకాల్లో ఉంది, ఐదో పేజీ."

అట్టపెట్టె అందుకే వచ్చింది. దాంట్లోంచి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి గోడకి తగిలించినారు. దాని లోపల ఏమీ లేదు, పైన మాత్రం నీలం లైటు మెరుస్తుంటుంది. నెల్సన్ దాని ముందు నిలబడి, దాన్ని తానే కనిపెట్టినట్టు ఆప్యాయంగా తాకాలి. వాడు తాకినాడు. మూడోసారికి ఆప్యాయత సరిగ్గా కుదిరింది.

తర్వాత హనుమక్క ఇంటర్వ్యూ. చల్లగాలి వల్ల ఆమె జీవితం ఎట్లా మారిందో చెప్పాలి. ఆమె నోరు తెరవగానే సౌండు ఆయన చెయ్యెత్తినాడు. "సార్, ఆ డ్రమ్ము గోల పడుతోంది."

ఆ గోలే చల్లగాలి. కానీ చల్లగాలి గురించి చెప్పే మాట వినపడాలంటే చల్లగాలిని ఆపక తప్పదు కదా. పైగా షెడ్డులో ఉండేది ఒకటే ప్లగ్గు. లైట్లకి కరెంటు కావాల. గాలిడబ్బా వైరు పీకి లైట్ల వైరు పెట్టినారు.

"ఐదే నిముషాలు అమ్మా" అన్నాడు మోహన్‌కుమార్.

అప్పటికి పదకొండున్నర. బయట రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

మొదటిసారి హనుమక్క బాగా చెప్పింది, కానీ నవ్వలేదు. రెండోసారి నవ్వింది, కానీ నెల్సన్ పేరు రెండుసార్లు చెప్పింది. వాడి పేరు బదులు సముదాయం అని చెప్పాలని సలహా ఇచ్చినారు. మూడోసారి "సముదాయం" అన్నది, ఆ వెంటనే "అప్పా, ఉక్కగా ఉండాది, డబ్బా వెయ్యండి" అన్నది. నాలుగోసారి ఆమె నుదుటి మీద చెమట కారుతుంటే చంద్రు దగ్గరికి జరిగి తీసినాడు. మోహన్‌కుమార్ చప్పట్లు కొట్టినాడు.

"ఇది 'ముందు' షాటుకి వాడుకోవచ్చు! యంత్రం రాకముందు మహిళా రైతు కష్టాలు! దీన్ని ఎట్లా తియ్యాలా అని నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నా."

బయట షామియానా కింద, తెరిచిన తలుపుకి ఎదురుగా, మేము నలభై మందిమి లబ్ధిదారులుగా కూర్చుని ఉంటిమి. గాలిడబ్బా ఉండేది ఒక్క హనుమక్క దగ్గరే. అయినా లబ్ధిదారులు నలభై మంది కావాలన్నారు కాబట్టి, ఊరి పరువు నిలబెట్టడానికి లబ్ధి పొందినట్టు ముఖాలు పెట్టుకుని ఉన్నాము. మా ముందర మునివెంకటమ్మ, కొత్త చీరలో, తన ఇంట్లో ఆవులు కూడా ఆ గాలికే ఎక్కువ పాలిస్తున్నాయని ఎవరూ అడగకముందే అభ్యాసం చేసుకుంటోంది.

లోపల ఐదోసారి మొదలైంది. సౌండు ఆయన చెవులకి పెట్టుకున్నది సర్దుకుని, బొటనవేలు ఎత్తి నవ్వినాడు.

"ఇప్పుడు పర్ఫెక్ట్ సార్. ఇంతసేపూ వెనకాల వాన పడుతున్నట్టు ఏదో సన్నటి సౌండు వస్తోండె. ఇప్పుడు అదీ ఆగింది. ఫుల్ సైలెన్స్."

హనుమక్క ముఖంలో నవ్వు అట్లే నిలిచిపోయింది.

పురుగులు పెంచినవాళ్ళకి ఇది చెప్పనక్కరలేదు. పెద్ద మేతలో ఉన్న వేల పురుగులు ఆకు కొరుకుతుంటే షెడ్డులో సన్నటి వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ వాన ఆగిందంటే పురుగు మేత వదిలేసింది. మేత వదిలేసిన పురుగు ఇంగ ఎంతోసేపు ఉండదు.

ఆమె కెమెరాని పక్కకి తోసి, లైట్ల వైరు పట్టి లాగింది. గాలిడబ్బా ప్లగ్గు పెట్టింది. టప్‌మని శబ్దం వచ్చింది. అప్పటికే లైట్ల బరువుకి సగం మాడి ఉన్న ఫ్యూజు పూర్తిగా పోయింది. షెడ్డులో నీలం లైటు ఒక్కటే మెరుస్తూ ఉండింది. దానికి లోపల సెల్లు ఉంది.

"నెల్సనప్పా, ఎంతసేపు?"

"వైరు కూడా కాలిపోయిందక్కా. గంట పడుతుంది."

హనుమక్క వాకిట్లోకి వచ్చి లబ్ధిదారుల మీద విరుచుకుపడింది.

"చూస్తారేమి సినిమా! లెయ్యండి! చేటలు తెండి, గోనెసంచులు తడిపి తెండి! మునివెంకటమ్మా, చీర తర్వాత చూపిస్తువు గానీ, ముందు కాళ్ళు కడుక్కోని లోపలికి రా!"

అందరమూ లేచినాము. నాలుగేళ్ళు నవ్వినవాళ్ళం గదా, ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. కిటికీలకి తడి గోనెలు కట్టినాము. వరసగా నిలబడి చేటలతో విసిరినాము. ఎవరో నీళ్ళు చల్లినారు, ఎవరో వాడిన ఆకు తీసేసినారు. పంచె ఎగ్గట్టి మోహన్‌కుమార్ కూడా ఒక చేట పట్టుకున్నాడు. పాపం, తిరగేసి పట్టుకున్నాడు. షామియానా కింద గోపాలప్ప మాత్రం తన కార్యక్రమ వేళ అయినందున మైకు పట్టుకుని, ఖాళీ కుర్చీలను ఉద్దేశించి ఇట్లా ప్రసంగించినాడు:

"సోదర సోదరీమణులారా! ఒకప్పుడు భూగర్భంలోంచి బంగారం తీసి దేశానికి ఇచ్చిన గడ్డ మనది. ఈనాడు గాల్లోంచి టెక్నాలజీ తీసి ప్రపంచానికి ఇస్తోంది! ఈ యంత్రం ఒక్క క్షణం కూడా ఆగదని మీ అందరి తరఫున హామీ ఇస్తున్నాను!"

గంటన్నర తర్వాత నెల్సన్ ఫ్యూజు కట్టినాడు. డ్రమ్ము గరగరమన్నది. హనుమక్క తట్ట మీదికి వంగి, చెవి పెట్టి వినింది. చాలాసేపు వినింది. మెల్లగా, ఒక మూలనుంచి, వాన మొదలైంది. ఆమె కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. రెండు తట్టలు పోయినాయి. మిగతావి ఆ వారంలోనే చంద్రికలు ఎక్కినాయి.

ఇదంతా చంద్రు తీస్తూనే ఉండినాడు.

తొమ్మిది నిముషాల సినిమా అయింది. అందులో ఎనిమిది నిముషాలు మా చేటలే. గాలిడబ్బా ఎంత వెతికినా కనపడదు. డ్రమ్ము తుప్పు వల్ల రంగులు చెడిపోతాయని తీసేసినారంట. మంచుదేశంలో ఆ సినిమాకి అవార్డు వచ్చింది. విద్యుత్తు అక్కరలేనిదీ, శబ్దం చెయ్యనిదీ, నలభై మందికి ఒకేసారి ఉపాధి చూపించేదీ అయిన ఇటువంటి శీతలీకరణ పద్ధతి ఇంతవరకు ప్రపంచానికి తెలియదని ప్రశంసించినారు. నెల్సన్‌కి 'చేట ఆధారిత సముదాయ వాయువ్యవస్థ రూపకర్త' అని అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్టు పంపినారు. వాడు అద్దం తీసి షాపు కిటికీకి వేసుకుని, వెనకాల చెక్కని హనుమక్క డ్రమ్ముకి మూత చేసినాడు. చెక్క మంచి చెక్క అన్నాడు.

మంచుదేశం సాయం రెండో విడతలో ఇంటింటికీ ఒక చేట వచ్చింది. తెల్లరంగు వేసి, ఫోనుతో చూపించే చదరపు గుర్తు అంటించి ఉంది. చేట విసరడం మీద కోలారు పక్కన తమక ఊళ్ళో ఒక ఏసీ హాల్లో రెండు రోజులు శిక్షణ కూడా ఇచ్చినారు. నేను పోయినాను. మధ్యాహ్నం నిద్ర బాగా పట్టింది. ఆ వీడియోని మా జిల్లాలో వేలమంది చూసి బొటనవేలు ఎత్తినారు. గాలిడబ్బా కావాలని ఆండర్సన్‌పేటకి మాత్రం ఒక్కరూ పోలేదు. వీడియోలో లేనిదాన్ని ఎట్లా అడుగుతారు?

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. నా పురుగులు పెద్ద మేతలో ఉండాయి. మధ్యాహ్నం పన్నెండుకి నేను తెల్ల చేట పట్టుకుని విసురుతున్నాను. గోడ అవతలనుంచి హనుమక్క కేకేసింది.

"ఏమప్పా, నెల్సన్‌ని పిలిపించేదా? ఆదివారం చర్చి అయినాక వస్తానన్నాడు. నీ షెడ్డుకీ ఒకటి బిగిస్తాడు."

"ఆగక్కా" అన్నాను. "బుధవారం ఎవరో చేటల మీద ఇంకొక సినిమా తీసేదానికి వస్తారంట. ఆదర్శ లబ్ధిదారుగా నా పేరు రాసుకున్నారు. ఇప్పుడు మిషన్ పెడితే నన్ను తీసేస్తారు."

గోడ అవతల గాలిడబ్బా గరగరమంటోంది, దాని వెనక వాన పడుతోంది. నా షెడ్డులో చడీచప్పుడు లేదు. రికార్డింగుకి ఇంతకన్నా అనువైన చోటు ఈ జిల్లాలో దొరకదు.