పళ్ళు లేని జంతువు

ఆ రోజు కీపర్‌గారి కార్యక్రమం చాలా తేలికైనది. ముందు పెరటి రౌండు, తర్వాత స్నానం, ఆపైన ఇస్త్రీ చొక్కా, మధ్యాహ్నం భోజనం వేళకు చరిత్రలోకి ప్రవేశం.

చరిత్ర అంటే వీధి చివరి చిన్న హోటల్లో కిటికీ పక్కనున్న గోడ. వీధిలో రిటైరైన వాళ్ళంతా వారానికోసారి అక్కడే కలిసి భోంచేస్తారు. ఆ గోడ మీదికి ఇవాళ కీపర్‌గారి ఫోటో ఎక్కబోతోంది. ఆయన జూలో హెడ్ కీపరుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క జంతువు కూడా తప్పించుకోలేదు. పులులు ప్రయత్నించాయి. కోతులైతే కమిటీ వేసుకుని మరీ ప్రయత్నించాయి. లాభం లేకపోయింది. ఫోటో కింద ‘ఈయన నుంచి ఏదీ తప్పించుకోలేదు’ అని రాయించాలన్నది హోటల్ యజమాని ఆలోచన. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించమన్నది మాత్రం కీపర్‌గారే.

రిటైరయ్యాక ఆయనకు మిగిలిన జూ పెరడే. జామచెట్టు మీద ఉడతలను ఆయన ‘సిబ్బంది’ అంటారు. పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనకాల ఉండే గుడ్లగూబ నైట్ వాచ్‌మన్. కట్టెల మోపు కింద ముంగిస ఈ మధ్యే బదిలీ మీద వచ్చింది. వీళ్ళందరికీ తోడు, నాలుగు రోజుల కోసం ఒక అతిథి దిగింది. కూతురు పెంచుకుంటున్న తాబేలు. చిన్నప్పుడు ఆ పిల్లే దానికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది. ఆఫీసు పని మీద ఊరెళ్తూ తండ్రికి అప్పగించి, తిరిగొచ్చి నేరుగా హోటల్‌కే వస్తానంది.

“దాని మీద ఓ కన్నేసి ఉంచు నాన్నా.”

“నాకా చెప్తున్నావ్?” అన్నారు కీపర్‌గారు. కూతురు నవ్వింది.

ఎక్స్‌ప్రెస్ కోసం ఆయన పెరట్లో చెక్కలతో ఒక దడి కట్టారు. ఏనుగు వచ్చి తోసినా కదలదని భార్యకు రెండుసార్లు చెప్పారు. “ఏనుగెందుకు తోస్తుందండీ?” అని ఆవిడ రెండుసార్లూ అడిగింది. ఆవిడ బళ్ళో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. జవాబు లేని ప్రశ్న అడగడం ఆవిడకు అలవాటే.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ గుడ్డ కప్పిన బుట్ట చంకనేసుకుని, “హోటల్లో బల్ల అలంకరించాలి, నేను ముందెళ్తున్నా. మీరు త్వరగా రండి!” అని తలుపు బయటి నుంచే కేకేసింది. నీళ్ళ చప్పుడులో ఆయనకు ‘త్వరగా’ ఒక్కటే వినబడింది.

తల తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చిన కీపర్‌గారు దడి వైపు చూసి ఆగిపోయారు.

దడి ఉంది. నీళ్ళ పళ్ళెం ఉంది. ఎక్స్‌ప్రెస్ లేదు. పొద్దున వేసిన కీరదోస ముక్కలు కూడా లేవు. చెట్టు మీద సిబ్బంది మూతులు తుడుచుకుంటోంది. ఆయన అటు చూడలేదు.

“తిని మరీ పారిపోయింది,” అన్నారు నెమ్మదిగా.

పులి చేతిలో ఓడినా పరువుంటుంది. తాబేలు చేతిలో ఓడిన కీపరు ఏ గోడ మీద వేలాడాలి? పైగా అది కూతురు ప్రాణంలా చూసుకునేది. ఆ పిల్ల మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. కానీ ఆయన కంగారు పడలేదు. ఉద్యోగం నేర్పిన పద్ధతి ఉండనే ఉంది. ఒకటి, దారులన్నీ మూయించాలి. రెండు, వెతుకుతున్నంతసేపూ ఫోన్ ఖాళీగా ఉంచాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ జంతువు తప్పించుకుందో జనానికి చెప్పకూడదు. పేరు చెబితే భయపడతారు.

ముందు హోటల్‌కి ఫోన్ చేశారు. పెరటి గోడకు అవతల ఉన్నది ఆ హోటల్ వాళ్ళ కూరమళ్ళే. ఆకుకూర వాసనకు ఎక్స్‌ప్రెస్ అటే వెళ్ళి ఉంటుంది.

“తమ్ముడూ, తలుపులన్నీ వేసెయ్. వెనక తలుపు ముందు వెయ్. ఒక జంతువు బయట పడింది.”

అవతల గిన్నె కింద పడిన చప్పుడు. “ఏ జంతువు సార్?”

“అది చెప్పకూడదు. ఎవరూ పరిగెత్తొద్దు, అరవొద్దు. నేను వచ్చేదాకా ఎవర్నీ బయటికి పంపకు.”

హోటల్ యజమాని షట్టరు దించేశాడు. లోపల భోజనానికి తొందరగా వచ్చిన పెద్దలు, ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్, బుట్టతో టీచరమ్మ చిక్కుకుపోయారు.

కీపర్‌గారు పాత వల భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసరికి పక్కింటి బ్యాంకు మేనేజరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రిటైరైనా వివరాలు లేకుండా ఏదీ మంజూరు చేయడు.

“బావగారూ, వల ఎందుకు?”

“ఏం లేదు. మీరు లోపలికి వెళ్ళి తలుపేసుకోండి. మీ పిల్లిని కూడా లోపలే ఉంచండి.”

మేనేజరు ముఖం పాలిపోయింది. “ఏం బయట పడింది?”

“పేరు చెప్పకూడదు.”

“పోనీ, పళ్ళుంటాయా?”

కీపర్‌గారు అబద్ధం ఆడరు. “ఉండవు.”

“అమ్మయ్య! అయితే కరవదు.”

“కరుస్తుంది. పట్టుకుందంటే వదలదు.”

మేనేజరు గేటు పట్టుకున్నాడు. “పళ్ళు లేవు... పట్టుకుంటే వదలదు... చూస్తే కనబడుతుందా?”

“కష్టం. చెత్తలో కదలకుండా పడుకుంటే రాయి అనుకుని కాలు వేసేస్తారు.”

“కాల్చితే?”

“దాని వీపు మీద దెబ్బ పడదు. అయినా వయసులో మీకంటే, నాకంటే పెద్దది. దాన్ని ఎందుకు కాల్చడం?”

మేనేజరు మనసులోనే కూడుకున్నాడు. పళ్ళు లేకపోతే మింగుతుంది. కదలకుండా పొంచి ఉంటుంది. దెబ్బ పడదు. లెక్క సరిపోయింది. “కొండచిలువ! ముసలి కొండచిలువ!” అని కేక పెట్టి, పిల్లిని చంకలో ఇరికించుకుని మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎక్కేశాడు. పొద్దున్నే నిద్రపోదామని ట్యాంకు వెనక కూర్చున్న గుడ్లగూబ ఆయన్ని చూసి విసుగ్గా ఎగిరిపోయింది. రెక్కల చప్పుడుకు ఆయన, “ఎగురుతోంది కూడా!” అని ఇంకో కేక పెట్టాడు.

దాంతో వీధి వీధంతా మేడలెక్కింది. ఎవరు ఎవరికి చేశారో తెలియదు గానీ, జూకి కూడా ఫోన్ వెళ్ళింది.

కీపర్‌గారు కూరమళ్ళలో మోకాళ్ళ మీద పాకుతున్నారు. జేబులో ఫోన్ మోగింది. భార్య. కట్ చేశారు. మళ్ళీ మోగింది.

“ఏవండీ, ఎక్కడున్నారు? రిటైరయ్యారు కదా, ఆ పామేదో జూ వాళ్ళు చూసుకుంటారు. మీరు...”

“లైను ఖాళీగా ఉండాలి!” అని పెట్టేశారు.

షట్టరు లోపల ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పింది. “మా ఆయన బయట ఉన్నంతసేపూ మీకేం ఫర్వాలేదు. ఆయన చేతిలోంచి ఇంతవరకూ ఏదీ పోలేదు. కావాలంటే చదువుకోండి,” అని ఆ పొద్దునే గోడకు తగిలించిన ఫోటో చూపించింది. ఆ ధైర్యం చాలక, కంగారులో చేతులు ఊరికే ఉండలేక, జనం వేయించిన బంగాళాదుంపలు మొదలుకుని కేకు దాకా మధ్యాహ్నం విందంతా తినేశారు.

ఇంతలో జూ వ్యాను సైరన్‌తో వచ్చి ఆగింది. మత్తుతూటాల తుపాకీ పట్టుకుని కొత్త హెడ్ కీపరు దిగాడు. ఒకప్పుడు కీపర్‌గారి దగ్గర తిట్లు తిని పని నేర్చుకున్నవాడే. మట్టి మోకాళ్ళతో ఉన్న గురువుగారిని చూసి సెల్యూట్ కొట్టాడు.

“సార్, ఏ జంతువు?”

మేడల మీద జనం ఊపిరి బిగబట్టారు. కీపర్‌గారు అతని చెవిలో చెప్పారు.

శిష్యుడి ముఖంలో ఏ మార్పూ రాలేదు. జనం ముందు ముఖం మారకూడదని నేర్పింది ఆ గురువే. మీసం మాత్రం రెండుసార్లు అదిరింది. “అర్థమైంది సార్. చాలా... చాలా ప్రమాదం,” అని తుపాకీ వ్యానులో పెట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి, “నేను వీళ్ళని పంపించేస్తాను. ఎవరికీ తెలియనివ్వను. మన రికార్డు పోకూడదు సార్,” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. కూతురు దిగి పరుగున వచ్చింది.

“నాన్నా! ఏం తప్పించుకుంది?”

కీపర్‌గారు మేడల మీది జనాన్ని చూశారు. శిష్యుణ్ణి చూశారు. చివరికి కూతురి కళ్ళలోకి చూశారు. వెళ్ళి హోటల్ షట్టరు పైకెత్తారు. లోపలి వాళ్ళకూ బయటి వాళ్ళకూ వినబడేలా గొంతు పెంచారు.

“ఎవరూ భయపడకండి. పాము లేదు, పులి లేదు. పోయింది మా అమ్మాయి తాబేలు. నా చేతి కింద నుంచే పోయింది. తమ్ముడూ, ఆ ఫోటో దించెయ్.”

ట్యాంకు మీద నుంచి, “తాబేలా!” అని ఒక గొంతు నీరసంగా వినిపించింది.

అందరికంటే ముందు టీచరమ్మ లేచింది. బుట్ట మీది గుడ్డ తీసింది. తోమి, నూనె రాసి, వీపు మీద ఎర్ర రిబ్బను కట్టిన ఎక్స్‌ప్రెస్ కొత్త పెళ్ళికూతురిలా మెడ బయటపెట్టి చూసింది.

“నేను బుట్టలో పెట్టి తెచ్చానండీ! అమ్మాయి ఎలాగూ ఇక్కడికే వస్తుందని. మీరు వెతికేది దీన్నా?”

“అమ్మగారూ, పొద్దుట్నుంచీ భయం వేసినప్పుడల్లా దాని వీపే నిమురుతున్నాం కదండీ!” అన్నాడు పోస్ట్‌మ్యాన్.

“చెప్పి తేవాలి కదే!” అన్నారు కీపర్‌గారు.

“చెప్పడానికి లైను ఖాళీగా ఉంటేగా!”

కూతురు నవ్వుతూ తండ్రి భుజం మీద తల పెట్టింది. “పోలేదు కదా నాన్నా. అమ్మ ఎత్తుకెళ్ళింది.”

శిష్యుడు గొంతు సవరించుకున్నాడు. “జూ రూలు ప్రకారం దొంగతనం వేరు, తప్పించుకోవడం వేరు. ఇది దొంగతనమే. గురువుగారి రికార్డుకు మచ్చ లేదు. దించిన ఫోటో ఎక్కించండి!”

“నేను దించితే కదా,” అన్నాడు హోటల్ యజమాని.

లోపలా బయటా ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. కీపర్‌గారి ఛాతీ విచ్చుకుంది. తినడానికి ఏమీ మిగల్లేదని అప్పటికి ఆయనకు తెలియదు, తెలిసినా పట్టించుకునేవారు కాదు. అందరికీ రెండు చేతులా నమస్కారం పెట్టాలి కాబట్టి, భార్య చేతికిచ్చిన ఎక్స్‌ప్రెస్‌ను కింద పెట్టారు.

అది ఒకసారి మెడ చాచి, తెరిచి ఉన్న గుమ్మం వైపు బయల్దేరింది. శిష్యుడు చప్పట్లు ఆపలేదు, కిందికి చూడలేదు, ముఖం మార్చలేదు. కుడికాలి బూటు మాత్రం గుమ్మానికి అడ్డంగా జరిపాడు.

రికార్డు అలాగే ఉంది.