నేల కంపెనీ వారి అనుమతి

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరగండి. ఆ ఫోనులు కాసేపు బోర్లా పెట్టండి. ఈ సంగతి గట్టిగా చెబితే మేడమీది వాళ్ళకు వినబడుతుంది, వినబడితే వాళ్ళు వెంటనే సంఘం మీటింగు పెడతారు!

సొంత ఇల్లు ఉన్న మనిషి ఈ భూమండలానికే చక్రవర్తి! రాబర్ట్‌సన్‌పేట హేమగోపురం అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళంతా అట్లాంటి చక్రవర్తులే. ప్రతి తలుపు మీదా ఒక ఇత్తడి పలక, పలక మీద పేరు, పేరు కింద "ఓనర్" అని ఇంకో వరస. వరండాలో ఎవరైనా అద్దెకున్నవాళ్ళు ఎదురొస్తే ఓనర్లు పక్కకు జరగరు. అద్దెవాళ్ళే గోడకు అంటుకోవాలి. ఇంత వైభవంలోనూ ఒకే ఒక్క లోటు. గోడలు వీళ్ళవి, తలుపులు వీళ్ళవి, ఇత్తడి పలకలు వీళ్ళవి. వీటన్నిటి కింద ఉన్న నేల మాత్రం వీళ్ళది కాదు! అది ఎప్పుడో ఎవరో పెద్దమనిషి తొంభైతొమ్మిదేళ్ళకు లీజుకిచ్చిన నేల. ఆయన పోయాడు. ఆయన వారసులు దాని బాగోగులు చూడమని బెంగళూరులో ఒక కంపెనీకి అప్పగించి, వాళ్ళ బాగోగులు వాళ్ళు చూసుకున్నారు. ఏటేటా నేల బాడుగ ఆ కంపెనీకే కట్టాలి. అందరూ దాన్ని "నేల కంపెనీ" అంటారు.

ఈ నేల కంపెనీకి రెండు చెవులు. బాడుగ కడుతున్నప్పుడు వినే చెవి మహా చురుకు; ఇక్కడ ఫోను మీద వేలు పెట్టేలోపల అక్కడి నుంచి టింగుమని రసీదు వస్తుంది. మనమేదైనా అడిగినప్పుడు వినే చెవి మాత్రం పుట్టుచెవుడు. పోనీ, అడగకుండా ఉందామా అంటే కుదరదు. గుమ్మం బయట ఏ మార్పు చేయాలన్నా కంపెనీ వారి రాతపూర్వక అనుమతి ఉండాలని లీజులో ఒక షరతు ఉంది. మేకు కొట్టాలన్నా ఎన్‌ఓసీ, పూలకుండీ జరపాలన్నా ఎన్‌ఓసీ!

ఆ చెవుడు వచ్చి దాక్షాయణి నెత్తిన పడింది.

దాక్షాయణిది కింది అంతస్తు. భర్త శంకరనారాయణకు బజారులో కిరాణా అంగడి. ఎవరి ఇంట్లో ఎప్పుడు పెళ్ళో, ఎవరికి ఏ బెల్లం ఇష్టమో, ఎవరు అప్పు పెట్టి మొహం చాటేస్తారో అన్నీ నోటి లెక్కే ఆయనకు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా ఆ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. అట్లాంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చింది. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి, మాట ముక్కలైంది. "నలుగురిలో కూర్చోబెట్టమ్మా. ఇట్లా గోడలకేసి చూస్తూ ఉంటే ఉన్న మాట కూడా పోతుంది" అన్నాడు డాక్టరు. కొడుకు చక్రాల కుర్చీ తెచ్చాడు. కుర్చీ గుమ్మం దాటింది, వరండా దాటింది, మెట్ల దగ్గర ఆగిపోయింది. గట్టిగా చూస్తే అవి ఎత్తయిన మెట్లు కూడా కావు. కానీ చక్రానికి మెట్టు మెట్టే కదా! అక్కడొక చిన్న ర్యాంపు కడితే చాలు, మనిషి అంగడికి పోతాడు.

మొదట్లో ఇరుగుపొరుగు వచ్చి కుర్చీతో సహా ఎత్తి దించేవాళ్ళు. ఎత్తినప్పుడల్లా ఫోటో తీసుకుని "సేవే దైవం" అని ఓనర్ల సంఘం గ్రూపులో పెట్టుకున్నారు. ఫోటోలు పాతబడ్డాక ఓపికా పాతబడింది. దాక్షాయణి తలుపు తీసిన చప్పుడైతే పైన తలుపులు మూసుకునేవి, టీవీలు గుసగుసలాడేవి.

సంఘం అధ్యక్షుడు పురుషోత్తమ్ మాత్రం తలుపు మూసేవాడు కాదు. ఎదురొచ్చి మరీ చెప్పేవాడు.

"చట్టం చట్టమే అక్కయ్యా! నాకు మనసు లేదా? ర్యాంపు వచ్చే జాగాలో నా కారు ఉండాది, నిజమే. దాన్ని తీసేదానికి నేను రెడీ! కానీ పైనుంచి ఎన్‌ఓసీ రావాల గదా. వచ్చిన మరుక్షణం నా చేత్తో నేనే తోసేస్తాను!"

ఆ కారు సంగతి కూడా వినండి. మెట్ల పక్కన, మంచి నీడలో, గుడ్డ కప్పుకుని పడుకుని ఉంటుంది. ఆయుధపూజ నాడు మాత్రం లేచి, కుంకుమ పెట్టించుకుని, గుమ్మడికాయ కొట్టించుకుని, మళ్ళీ పడుకుంటుంది.

దాక్షాయణి రోజూ కంపెనీకి ఫోను చేసింది. "మీ కాల్ మాకు అమూల్యమైనది" అని ఒక గొంతు కన్నడంలో చెప్పింది, తమిళంలో చెప్పింది, ఇంగ్లీషులో కూడా చెప్పింది. అంత అమూల్యమైనది కాబట్టే కాబోలు, ఎవరూ ముట్టుకోలేదు! తరువాత వీణ వాయించారు. ఆ వీణ విని విని శంకరనారాయణ ఎడమచేత్తో తాళం వేయడం నేర్చుకున్నాడు. ఒకనాడు "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజు వచ్చింది. ఏ ఫిర్యాదు, ఎట్లా పరిష్కరించారు అని అడగడానికి ఫోను చేస్తే మళ్ళీ వీణ.

ఇట్లా ఉండగా సంఘానికి కంపెనీ నుంచి ఒక మెసేజు వచ్చింది: "మా ప్రతినిధి ఏ సమయంలోనైనా మీ ఆవరణను సందర్శించవచ్చును." అంతే! నిన్నటిదాకా "దొంగ కంపెనీ, కోర్టుకు లాగుదాం" అని బల్ల గుద్దిన ఓనర్లు, ఆ పొద్దు వరండా కడిగించి ముగ్గు వేయించారు.

మన వైపు ఎవరైనా అధికారి వస్తే సన్మానం చేయకుండా పంపరు కదా. హేమగోపురం వాళ్ళు అందులో మరీ గట్టివాళ్ళు. శాలువా, పూలదండ, పండ్లబుట్ట కొత్తవి తెస్తారు. జరీ అంచు మైసూరు పేటా, అదే తలపాగా, మాత్రం ఒకటే. అది పురుషోత్తమ్ బీరువాలో ఉంటుంది. వచ్చినవాడి తల మీద పెట్టి, ఫోటో తీసి, "సార్, గాలికి పడిపోతాది" అని మర్యాదగా వెనక్కి తీసుకుంటారు. చెత్తబండి ఇన్‌స్పెక్టరు మొదలు కరెంటు లైన్‌మన్ దాకా ఎన్ని తలలు చూసిందో ఆ పేటా!

ఒక ఆదివారం పొద్దున తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. గోడను వేలితో తట్టి చూశాడు. తల ఎత్తి పైకప్పు చూశాడు. వంగి కాలువ ఏ వైపు వాలిందో చూశాడు. మేడ మీద నుంచి ఇంకో ఓనరు ఉమేశ్ చూసి కేక పెట్టాడు.

"పురుషోత్తమన్నా! వచ్చేసినాడు! ఇన్‌స్పెక్షన్!"

ఇంకేముంది! కుర్చీ వచ్చింది, మైకు వచ్చింది, బీరువాలోని పేటా వచ్చింది. పెద్దాయన బిత్తరపోయి, "అప్పా, నేను సుగటూరు నుంచి..." అన్నాడు.

"మీరు యాడనుంచి వచ్చినారో మాకు తెలీదా సార్! మీరు కూర్చోండి చాలు, మాట్లాడేది మేము!" అన్నాడు పురుషోత్తమ్, పేటా ఆయన తలకు దిగేసి.

మాట్లాడారు! కంపెనీ తమ పాలిట కన్నతల్లి అన్నాడు పురుషోత్తమ్. అసలు జవాబివ్వకపోవడంలోనే పెద్దరికం ఉందన్నాడు ఉమేశ్. మేడమీది మంజు కంపెనీ ఫోనులో వీణ వినకపోతే తనకు నిద్ర పట్టదంది. చప్పట్లే చప్పట్లు! పెద్దాయన ఒకసారి ఒళ్ళోని పండ్లబుట్టను, ఒకసారి జనాన్ని చూస్తూ కూర్చున్నాడు.

దాక్షాయణి మాత్రం ఆయన కాళ్ళు చూసింది. మడమలు పగిలి, పగుళ్ళలో ఎర్రమట్టి దిగి ఉంది. ఇన్నేళ్ళు భర్తతోపాటు అంగడిలో కూర్చున్న మనిషి, పొలం నుంచి వచ్చిన కాలు ఏదో ఆఫీసు నుంచి వచ్చిన కాలు ఏదో ఆమెకు తెలియదా! ఈయన కంపెనీ మనిషైతే నేను కంపెనీ యజమానిని అనుకుంది మనసులో. నోరు తెరవబోయి, కిటికీ వైపు చూసింది. కిటికీ వెనక శంకరనారాయణ ఊచ పట్టుకుని, ఇంతమందిని ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో, పిల్లవాడిలాగా చూస్తున్నాడు. తెరవబోయిన నోటితో ఆమె వేరే మాట అడిగింది.

"అయ్యా, మా ఇంటాయన నడవలేడు. మెట్ల పక్కన చిన్న ర్యాంపు కట్టుకోవచ్చునా?"

పెద్దాయనకు అప్పటికి తనకు అర్థమయ్యే మాట ఒకటి వినబడింది.

"ఇది ఎవుర్నన్నా అడిగే మాటేనా తల్లీ? ఆవు ఎక్కను ఇబ్బంది పడతాదని కొట్టం కాడ వాలు పెడతాము మేము. మనిషికి పెట్టకూడదా? కట్టుకో! ఈ పొద్దే కట్టుకో!"

చప్పట్లతో హేమగోపురం అదిరిపోయింది! "ఎంత పెద్ద మనసు!" అన్నారు. చప్పట్లు కొట్టనిది పురుషోత్తమ్ ఒక్కడే. ఎట్లా కొడతాడు పాపం, కారు తోయాలి కదా! అందరూ చూస్తుండగా ఇచ్చిన మాట. నవ్వు మొహం పెట్టుకుని తోశాడు.

మేస్త్రీ చౌడప్పను దాక్షాయణి అప్పటికప్పుడు పిలిపించింది. అధికారి ముందర ఇటుకలు మోయని ఓనరు లేడు. మోసిన ప్రతి ఇటుకకూ ఒక ఫోటో! సాయంత్రానికి ర్యాంపు తయారు. పెద్దాయన అంతకుముందే పేటా తిరిగిచ్చి, శాలువా కప్పుకుని, పండ్లబుట్టతో బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున ఒక యువకుడు మోటరు సైకిలు మీద వచ్చాడు. చేతిలో మడతపెట్టిన శాలువా.

"అన్నా, నేను అంబరీష్. ఉమేశన్న ఫ్లాటు అమ్ముతానంటే కొందామని మా నాయన చిక్కవెంకటప్పను చూసిరమ్మని పంపినాను. మీరు ఆయనకు శాలువా కప్పినారంట! ఎందుకు కప్పినారో తెలీక ఇంట్లో అందురమూ రాత్రంతా భయపడినాము. ఇదో, మీది మీరు తీసుకోండి. పండ్లు మాత్రం పిల్లోళ్ళు తినేసినారు."

అయ్యో ఆ ఓనర్ల మొహాలు! తన ఫ్లాటు కొనడానికి వచ్చిన మనిషికే దండ వేసి, అతడు బేరమాడేలోపల బస్సెక్కించిన ఉమేశ్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పురుషోత్తమ్ మొహం మాత్రం ఎన్నాళ్ళకో వెలిగింది.

"అనధికార కట్టడం! అత్యవసర మీటింగు! చౌడప్పా, సుత్తి తీసుకురా!"

నిన్న ఇటుకలు మోసిన చేతులే "అవును, చట్టం చట్టమే" అని లేచాయి. చౌడప్ప సుత్తి తెచ్చాడు. దాక్షాయణి వచ్చి ర్యాంపు నడిమధ్యలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"పగలగొట్టండన్నా. ముందర ఆ షరతు ఒకసారి చెప్పండి, మీకు నోటికి వచ్చు గదా."

పురుషోత్తమ్ ఛాతీ విరుచుకున్నాడు. "గుమ్మము వెలుపల ఏ మార్పు చేయవలెనన్నా కంపెనీ వారి రాతపూర్వక అనుమతి పొందవలెను!"

"పగలగొట్టేది మార్పే గదా? ఎన్‌ఓసీ తెచ్చినారా?"

పురుషోత్తమ్ ఉమేశ్ వైపు తిరిగాడు. ఉమేశ్ మెట్టు మీద నుంచి అందుకున్నాడు. "మరి నువ్వు కట్టింది? దానికి యాడుండాది అనుమతి?"

"లేదప్పా, తప్పే. ఆ తప్పుకు కంపెనీవాళ్ళు వచ్చి నన్ను అడగనీ, జవాబు చెప్తాను. వాళ్ళతో ఒక మాట మాట్లాడాలని నాకూ ఎప్పటినుంచో ఆశ! ఇంగ ఇటుకలు ఎవురెవురు మోసినారో ఫోటోలు గ్రూపులోనే ఉండాయి. అందురమూ కలిసే పోదాం."

ఫోనులు బయటికి వచ్చాయి. గ్రూపులో ఫోటోలు ఒక్కొక్కటే మాయమవసాగాయి. చౌడప్ప సుత్తి కింద పెట్టేశాడు.

"నాకెందుకు సామీ ఈ కోర్టు బాధ! కంపెనీ కాగితం చూపించండి, అప్పుడు దెబ్బ వేస్తాను."

అంతే. ఆనాటి నుంచి పురుషోత్తమ్ కంపెనీకి ఫోను చేస్తూనే ఉన్నాడు, ర్యాంపు ఉంటూనే ఉంది.

శంకరనారాయణ అంగడికి పోయాడు. మొదటి రోజు నోరు మెదపలేదు. వచ్చినవాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు కొడుకు తక్కెడలో చింతపండు తూస్తుంటే "ముల్లు... చూడరా" అన్నాడు. దాక్షాయణి బస్తాల చాటుకు పోయి కొంగుతో మొహం తుడుచుకుంది.

మొన్న ఒకనాడు పురుషోత్తమ్ ఇంటికి కొత్త వాషింగ్ మెషీను వచ్చింది. మెట్ల మీద ఎత్తాలంటే కూలీలు నసిగారు. ఆయన ర్యాంపు మీద నుంచి తోయించాడు. అప్పుడే అంగడికి బయలుదేరిన శంకరనారాయణ కుర్చీ పక్కకు జరిగి దారి ఇవ్వాల్సి వచ్చింది.

"చూసినావా అక్కయ్యా, ర్యాంపంటే ఎంత సౌకర్యమో! ఇది ఉండాలని మొదటినుంచీ నేను మొత్తుకుంటానే ఉండాను!" అన్నాడు పురుషోత్తమ్.

దాక్షాయణి ఏదో అనబోయింది. అంతలో కుర్చీలోంచి శంకరనారాయణ, ఒక్క ముక్కా విరగకుండా, నిండు మాట చెప్పాడు.

"మెల్లిగా తోయించప్పా, బరువైనది, జారతాది."

ఇదమ్మా సంగతి. బాగా గుర్తు పెట్టుకోండి. రేపు మీ పిల్లలకు చెప్పండి, మీ ఆఫీసుల్లో చెప్పండి, బస్సులో పక్క సీటులో ఎవరైనా కూర్చుంటే వాళ్ళకూ చెప్పండి. "మాకేం అభ్యంతరం లేదు, పైనుంచి రావాలి" అని ఎవరైనా అన్నప్పుడు మరీ తప్పక చెప్పండి. పేర్లు మార్చి చెప్పినా నాకేం కోపం లేదు. మీ వీధిలో ఆ పేర్లేమిటో మీకే బాగా తెలుసు.