పుచ్చిన దుంగకి పూర్తి రక్షణ

పుట్టడానికి ఏ ప్రాణికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుట్టినట్టు తేలాలంటే మాత్రం ఆఫీసు తెరవాలి, ఆఫీసర్ సీట్లో ఉండాలి, ఆయన మనసు బాగుండాలి.

ఈ సంగతి తెలియక ఒక పరిశోధకురాలు సంబరపడింది. పరిశోధనశాల వెనకాల కూలి పుచ్చిపోతున్న దుంగలో పెంకుపురుగులు కాపురముంటున్నాయి. వాటి కడుపులో ఎవరూ ఎరగని కొత్త ఈస్ట్ దొరికింది. (రొట్టెపిండిని పొంగించే ఈస్ట్‌కి దూరపు చుట్టం. రాకపోకల్లేవు.) పురుగు కొయ్యని తొలుస్తుంది, ఈస్ట్ దాన్ని అరిగించి పెడుతుంది. పురుగు నుంచి విడదీసి గాజు పళ్లెంలో పెడితే ఈస్ట్ ఎంత బతిమాలినా బతకదు. కొత్త జాతి అని లోకం ఒప్పుకోవాలంటే మళ్లీ పట్టి చూపించాలి. చుట్టుపక్కల ఎన్ని మానులు గాలించినా ఆ పురుగు మరెక్కడా లేదు.

ఇంతలో దుంగని చెత్తబండికి ఎత్తుతారని తెలిసి, ఆమె పరిశోధనశాల ఆస్తులు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఆ దుంగని కదపనివ్వకండి."

"దాని హోదా ఏంటి మేడమ్?"

"పుచ్చిపోయింది సార్."

"అది ఆరోగ్యం. నేనడిగేది హోదా. చెత్తయితే పారెయ్యాలి, ఆస్తయితే కాపాడాలి."

"ఆస్తనే రాసుకోండి."

"భలేవారే. పుచ్చినదాన్ని ఆస్తని రాస్తే ఆడిట్ వాళ్లు నన్ను ఉతికి ఆరేస్తారు."

"లోకంలో ఇంకెక్కడా లేని ప్రాణి సార్ అందులో ఉంది."

ఆఫీసర్ కరిగిపోయాడు. (ఆఫీసర్లు కరుగుతారు. ప్రమాదం అక్కడే.) "నాకొదిలెయ్యండి. మీరు సెలవులకి నిశ్చింతగా ఇంటికెళ్లండి" అన్నాడు.

సెలవులు ముగిసి ఆమె వచ్చేసరికి దుంగ అద్దంలా మెరుస్తోంది. పక్కనే వడ్రంగి చేతులు తుడుచుకుంటున్నాడు.

"పుచ్చంతా చెక్కేశానమ్మా. పురుగుమందు దట్టించి, పైన వార్నిష్ కొట్టా. ఇక మీ మనవలు కూడా చూసుకోవచ్చు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఆఫీసర్ గారే. మేడమ్‌కి ఇదంటే ప్రాణం, ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యమన్నారు."

చుట్టూ గొలుసు కట్టి, "అరుదైన జీవి నివాసం, ముట్టరాదు" అని బోర్డు పెట్టారు. ఏ పగుల్లోనైనా ఒక్క పురుగు మిగిలిందేమోనని ఆమె చాకు తీసింది. కాపలాదారు అడ్డొచ్చాడు.

"ముట్టకూడదమ్మా."

"ఆ జీవిని కనిపెట్టింది నేనే బాబూ."

"అయితే మీకు మరీ బాగా తెలిసుండాలి."

ఏడాది చివర ఆఫీసర్ పైవాళ్లకి నివేదిక పంపాడు: సదరు జీవి క్షేమం, దాని నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు.