మూడవ లూసర్ను మహాసమరము

వానలు వెనుదీసి, చలి ఇంకను రానని బెట్టుచేయుచున్న ఒకానొక శుభకాలమున, ముళ్లకంచె పరివేష్టితమై, కొలతాడుతో అంగుళము తప్పక విభక్తమైన పశుగ్రాస పరిశోధనాక్షేత్రమను రణభూమియందు, రెండు లూసర్ను గడ్డి రకములు ఎదురెదురుగా మోహరించి యుండెను. ఒకటి నడుమెత్తున నిక్కి, చూచువారి కన్నులు చెదరగొట్టు ఏడవ రకము. రెండవది మోకాలెత్తున ముడుచుకొని, గుబురాకుల మాటున తన కాడలను తానే దాచుకొన్న మూడవ రకము. ఏడవదానిని సృష్టించిన మహానుభావుడు ఆ కేంద్రమునకు డైరెక్టరు. మూడవదానిని ఆరేండ్లుగా గింజ గింజ ఏరి పెంచిన వీరనారి ఆయన క్రింది శాస్త్రవేత్త; కూలీల నోట గడ్డిమేడమ్. విధివిలాసమున ఆ డైరెక్టరు ఆమె భర్తకు స్వయానా అన్నగారు. ఆఫీసున సార్, ఇంట బావగారు; పోరు మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

నివేదికలో పేరెక్కని రకము మడిని మరుసటి వారమే దున్నించుట అచ్చటి నియమము.

కొడవలి ధరించిన కోతల మేస్త్రి పెద్దక్క, రెండు మళ్లనుండియు చదరపు మీటరు చొప్పున కోసి తక్కెడకెక్కించెను. డైరెక్టరు మీసము దువ్వెను.

“చూశావా అమ్మాయ్! నాది మూడు కిలోల రెండొందలు, నీది రెండు కిలోల ఏడొందలు. ఇక రాసేద్దామా?”

“అందులో ముప్పావు వంతు నీళ్లే సార్. ఎండాక చూద్దాం.”

“ఆవు నీళ్లు తాగదా ఏంటి?”

మూడు దినములు ఓవెను గర్భమున అగ్నిపరీక్షకు నిలిచి, సకలజలాహంకారమును విసర్జించిన పిమ్మట ఏడవది ఆరువందల నలుబది గ్రాములు, మూడవది ఆరువందలు తూగెను. ఆ సాయంకాలము భోజనపు బల్లయొద్ద డైరెక్టరు, “నలభై గ్రాములమ్మా, నలభై!” అని ముమ్మారు ఘోషించెను. ఆయన భార్య, “ఆ గడ్డి గోల ఆపి కంచంలోకి చూసి తినండి” అని కసరువరకు ఆ విజయశంఖము ఆగలేదు.

‘ఓ నలుబది గ్రాములారా! మీరు ఆకులా, కాడలా? నిజము తేల్చకున్న నేను గడ్డిమేడమునే కాను!’ అని మనమున ప్రతినబూని, ఆమె మరునాడు పెద్దక్కతో కూర్చుండి, ఎండిన ఆకులను కాడలను వేరుచేసెను. తుమ్ములు ఇరువురిని సమదృష్టితో పీడించెను. ఏడవదానిలో సగమునకు మించి కాడలే! ప్రయోగశాల తీర్పు సైతము వచ్చెను: మాంసకృత్తులు ఏడవదానికి నూటికి పదిహేడు, మూడవదానికి ఇరువది.

“శాతాలు ఆవు చదువుతుందా?” అని డైరెక్టరు కొట్టిపారేసెను.

“చదవదు సార్. తిని చెబుతుంది. అడుగుదామా?”

అంతట రెండు తొట్లలో సమానముగా మేత పోసి, ధర్మాసనమున ఆవును నిలిపిరి. ఆ న్యాయమూర్తి మూడవదానిని తొట్టి అడుగు మెరయునట్లు నాకి, ఏడవదానిలో ఆకులు మాత్రమే గ్రహించి, పెన్సిళ్లవంటి కాడలను మూతితో ప్రక్కకు నెట్టెను.

“దానికి మొన్నట్నుంచి ఒంట్లో బాలేదు,” అనెను డైరెక్టరు.

“బాలేకపోతే మూడోది ఎలా ఊడ్చేసింది సార్? ఇంకా కావాలని నా కొంగు నములుతోంది!” అనెను పెద్దక్క.

అయినను ఆ నిష్పక్షపాతి తన గదికేగి, ‘ఏడవ రకమే శ్రేష్ఠము’ అని స్వహస్తమున లిఖించెను. గడ్డిమేడమ్ ఆ కాడల కట్టను తెచ్చి, ఆయన నివేదికపై నిలిపెను. వాదించుటకే వచ్చెను, కాని ఆఫీసులో ఎన్నడు పిలువని పిలుపు పైకివచ్చెను.

“బావగారూ... ఆరేళ్లండీ. దున్నించకండి.”

డైరెక్టరు కాడలను చూచెను. ఒకదానిని విరువబోయెను, అది విరుగలేదు. దగ్గెను. కిటికీ వంక చూచెను. తుదకు కలము తీసి, వాక్యము చివర ఇంకొకటి చేర్చెను: ‘మూడవ రకము కూడా.’

“చాలా?”

“చాలు సార్.”

సోమవారమునాడు దున్నవచ్చిన ట్రాక్టరు మూడవ మడి గట్టునంటి, నివేదికకు తలయొగ్గి వెనుదిరిగెను. దశదిశలారా, ఆలకింపుడు! ఆరేండ్ల తపస్సును, మూడు దినముల అగ్నిని, లెక్కకుమించిన తుమ్ములను, ఒక ఆవు నిర్మొగమాటమును వెచ్చించి ఆ వీరనారి జయించిన అఖండ సామ్రాజ్యము సరిగా రెండక్షరములు: కూడా!