పేరుకు అర్థం, పుట్టుక, గిరాకీ

ఎవరికీ నోరు తిరగని పేరు దొరికిన పిల్లవాడు పుట్టుకతోనే అదృష్టవంతుడు! కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు. నాంపల్లి స్టేషన్ ఎదురు సందులోనే మా ఇల్లు. టీ నేనే ఇప్పిస్తాను.

మీరే ఆలోచించండి. రైలు చార్టులో శ్రీనివాసులు తొమ్మిదిమంది ఉంటారు. మీ బెర్తు మీద ఇంకో శ్రీనివాసు పడుకుని గురక పెడుతుంటాడు. మా మనవడికి ఆ బాధ ఉందా? వాడి పేరు ధ్రువ్యాంక్ష్. ఆ పేరుతో మరొకడు భూమ్మీద ఉంటే కదా బెర్తు లాక్కోవడానికి!

బడిలో మేష్టారు ప్రశ్న వేయాలంటే ముందు పేరు పిలవాలి. పిలవలేక పక్కవాణ్ణి లేపుతాడు. పదో తరగతి దాకా వీడు హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. రేపు పెద్దయ్యాక ఏదైనా వెధవపని చేసి పరుగెత్తాడనుకోండి. వెనక నుంచి అరిచేవాడు పేరు పూర్తి చేసేలోపు వీడు లక్డీకాపూల్ దాటేస్తాడు. రామారావుకూ సుబ్బారావుకూ ఉందా ఈ సౌకర్యం?

ఇంత గొప్ప పేరు ఎక్కడిదంటారా? ఆబిడ్స్‌లోని నెట్ సెంటర్‌ది. ఇది 2003 కదా, పేర్లు కూడా ఇప్పుడు అక్కడే దొరుకుతున్నాయి. మా మేడ మీద కిరాయికుండే ఇజ్రాయేల్ ఆ సెంటర్ నడుపుతాడు. మా అబ్బాయి విశ్వనాథ్ అక్కడ రెండు గంటలు కూర్చుని పేర్ల వెబ్‌సైటు ఒకటి పట్టాడు. అందులో ప్రతి పేరుకూ మూడు గడులు. అర్థం: విశ్వపు అంచున వెలిగేవాడు. పుట్టుక: సంస్కృతం. పాపులారిటీ: అత్యంత అరుదు.

"దునియాల ఎవ్వనికి లేదు నాన్నా ఈ పేరు!" అంటూ ప్రింటవుట్ తెచ్చి ఫ్రిజ్‌కు అతికించాడు.

పక్కింటి రాధాకృష్ణమూర్తిగారు సంస్కృతం మాస్టారుగా రిటైరయ్యారు. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆయనకు చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "నాకొచ్చిన సంస్కృతంలో ఇది లేదండీ. వాళ్ళకొచ్చిన సంస్కృతం వేరే ఏమో" అన్నారు. ఎంత మర్యాదస్తుడు!

ఉండబట్టలేక నేనూ నెట్ సెంటర్‌కు వెళ్ళి నా పేరు కొట్టించాను. నా పేరు బిచ్చయ్య. కంప్యూటర్ కాసేపు తనలో తాను ఆలోచించుకుని, ఆ పేరు మా దగ్గర లేదంది. "అంకుల్, అసలు రేర్ పేరంటే మీదే" అన్నాడు ఇజ్రాయేల్. నాకు ఛాతీ పొంగింది!

ఇంత అరుదైన పేరును మావాడు భద్రంగా దాచిపెడతాడు. చిన్నప్పుడు ఎవరైనా "మీ నాయిన పేరేంది?" అంటే "బి. సార్" అనేవాడు. పెళ్ళికార్డులో నేను "శ్రీ బి. గారు". ఇప్పుడు తొట్టెల, అదే బారసాల, కార్డులోనూ మనవడు "శ్రీ బి. గారి మనుమడు".

"మా ఆఫీసోళ్ళు వస్తరు నాన్నా. ఏమనుకోకు" అన్నాడు.

నేనేమనుకుంటాను? మనవడి పేరే కార్డులో సగం తినేసింది. తాతకు ఒక్క అక్షరం చాలదా?

పుట్టిన పదకొండో రోజున పిల్లవాడికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. దవాఖానలో ఐదు రోజులు ఉంచారు. విశ్వపు అంచున వెలిగేవాడు గాజుపెట్టెలో ముడుచుకుని పడుకున్నాడు. ఇక్కడ నాకు వేళాకోళం రావడం లేదు. చాలా భయం వేసింది.

ఎనభై దాటిన మా అమ్మ కిష్టవ్వ ఊరి నుంచి వచ్చి, వార్డు బయట బెంచీ మీద మా కోడలు జానకి పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఉన్న జానకి ఉన్నట్టుండి అడిగింది.

"అవ్వా, మామకు గా పేరెందుకు పెట్టిన్రు?"

"వానికంటె ముందు ముగ్గురు వోయిన్రు బిడ్డా. వీడు పుట్టంగనే కొంగు పట్టి ఐదిండ్లల్ల బియ్యం అడుక్కున్న. వీడు నా కొడుకు గాదు, బిచ్చంల దొరికిండు అని చెప్పిన. యముడు నమ్మిండు, పోయిండు. గందుకే బిచ్చయ్య."

నాకు తెలిసిన కథే. వార్డు అద్దంలోంచి ఆ గాజుపెట్టెను చూస్తూ వినడం మాత్రం అదే మొదలు. జానకి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పిల్లవాడు కోలుకున్నాడు. డాక్టరు మందులకే తగ్గింది, అందులో నాకు అనుమానం లేదు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల చేశాం. ఇల్లు చుట్టాలతో నిండింది. విశ్వనాథ్ ఆఫీసువాళ్ళు ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. పళ్ళెంలో పోసిన బియ్యంలో తండ్రి ఉంగరంతో పేరు రాయాలి. మావాడు సగం రాసేసరికి పళ్ళెం అయిపోయింది.

"ఇంకో పళ్ళెం తెండ్రి, ఇంకిన్ని బియ్యం పొయ్యిండ్రి" అన్నాడు.

"బియ్యం గివ్వే" అంది జానకి. "పొద్దుగాల ఐదిండ్లల్ల అడుక్కొచ్చిన."

ఆఫీసువాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎమ్మే చదివిన పిల్ల కొంగు పట్టుకుని మా సందులోని మెట్లన్నీ ఎక్కి దిగిందన్నమాట! విశ్వనాథ్ చేతిలో ఉంగరం ఆగిపోయింది.

"ఇప్పుడేం రాయాలె?" అన్నాడు మెల్లగా.

మా ఇళ్ళల్లో కోడలు మామ పేరు నోట ఎత్తదు. జానకి నావైపు ఒకసారి చూసి, తల మీద కొంగు సర్దుకుంది.

"బిచ్చయ్య అని రాయి" అంది, గది మొత్తానికీ వినబడేలా.

ముందు వరసలోని పెద్ద ఆఫీసరు నవ్వబోయి ఆపుకున్నాడు. "అదేం పేరయ్యా, విశ్వనాథ్?"

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. అరచేత్తో బియ్యం చదును చేసి, ఒక్కొక్క అక్షరమే రాశాడు. అప్పుడు తలెత్తాడు.

"మా నాన్న పేరు సార్. బిచ్చయ్య."

మున్సిపాలిటీ కాగితాల్లో మనవడు ధ్రువ్యాంక్ష్‌గానే ఉన్నాడు. ఉండనివ్వండి. ఇంతసేపూ ఆ వెబ్‌సైటు పేరును నేను పొగిడింది వట్టి కుళ్ళుతో. ముప్పై ఏళ్ళుగా నా కొడుకు నోట ఆ మూడక్షరాలు వినలేదన్న దుగ్ధ తప్ప నాకు పేర్ల మీద వేరే పరిశోధన లేదు. వంటింట్లోకి పోయి, తలుపు చాటున కరువుదీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి రెండు గిన్నెల పాయసం తిన్నాను.